రేటింగ్ ఉంది సరే, ఈ విమానం వచ్చా?

పైలట్ లైసెన్స్ చేతిలో ఉంటే ఏ విమానమైనా నడిపేయొచ్చని అనుకునేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. కారు లైసెన్స్ లాంటిదే కదా, ఒక కంపెనీ కారు నేర్చుకున్నవాడు ఇంకో కంపెనీ కారు నడపలేడా అని అడుగుతారు. నడుపుతాడు. కానీ ఎయిర్‌బస్ ఏ320 మీద ఇరవై ఏళ్ళు ఎగిరిన కెప్టెన్ రేపు పొద్దున వచ్చి బోయింగ్ 737 ఎడమ సీట్లో కూర్చుంటానంటే కుదరదు, కూర్చోనివ్వరు. ఆ విమానం పేరు ఆయన లైసెన్స్ మీద ఎక్కాలి, దాని కోసం మళ్ళీ క్లాసులు, మళ్ళీ సిమ్యులేటర్, మళ్ళీ పరీక్ష. దీన్నే టైప్ రేటింగ్ అంటారు, మన దగ్గర ఎండార్స్‌మెంట్ అన్న మాట కూడా వాడుకలో ఉంది.

నేను పైలట్‌ని కాదు. విమాన ప్రమాదాల దర్యాప్తు రిపోర్టులు చదివే పిచ్చి ఒకటుంది, అంతే. ఈ రిపోర్టులన్నీ దాదాపు ఒకే వరసలో ఉంటాయి, ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పెట్టిన పద్ధతి అది, అందులో 1.5 అనే భాగంలో పైలట్ల వివరాలు ఉంటాయి: వయసు, లైసెన్స్, ఏయే విమానాల మీద రేటింగ్ ఉంది, మొత్తం ఎన్ని గంటలు, ఆ రకం విమానం మీద ఎన్ని గంటలు, చివరి చెక్ (మధ్యమధ్యలో పెట్టే పరీక్ష) ఎప్పుడు, పాసయ్యారా లేదా. చాలామంది దీన్ని దాటేసి నేరుగా కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ దగ్గరికి వెళ్తారు. నేను మాత్రం ముందు ఇదే చూస్తాను. ఎందుకంటే కాగితాలన్నీ సరిగ్గా ఉండి, రేటింగ్ ఉండి, చెక్ పాసై, తేదీలు కూడా చెల్లుబాటులో ఉండి, అయినా ఆ మనిషికి ఆ రోజు ఆ విమానం చేతకాలేదన్న కథలు ఎన్నో ఈ ఒక్క భాగంలోనే మొదలవుతాయి.

ముందు ఏ విమానానికి టైప్ రేటింగ్ కావాలి, దేనికి అక్కర్లేదు అన్న గీత ఎక్కడ గీశారో చూద్దాం, అది కూడా కొంచెం తమాషాగానే ఉంటుంది. అమెరికా నిబంధనల్లో గరిష్ఠ టేకాఫ్ బరువు 12,500 పౌండ్లు, అంటే సుమారు 5,670 కిలోలు దాటితే టైప్ రేటింగ్ కావాలి. జెట్ అయితే బరువుతో పని లేదు, నలుగురు ఎక్కే బుల్లి జెట్ అయినా సరే రేటింగ్ ఉండాల్సిందే. అదే ప్రొపెల్లర్ విమానమైతే గీతకి ఇవతల ఉన్నంతవరకూ మామూలు మల్టీ ఇంజిన్ రేటింగ్ చాలు. ఇప్పుడు బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ 200 చూడండి, దాని గరిష్ఠ టేకాఫ్ బరువు సరిగ్గా 12,500 పౌండ్లు. ఒక్క పౌండు అటూ ఇటూ కాదు. ఇది కాకతాళీయం అని నేనైతే అనుకోను. దాని అన్న కింగ్ ఎయిర్ 350 బరువు 15,000 పౌండ్లు, దానికి రేటింగ్ కావాలి. రెండూ రెండు టర్బోప్రాప్ ఇంజిన్లున్న విమానాలే, టేకాఫ్‌లో ఒక ఇంజిన్ పోతే రెండూ ఒక పక్కకి లాక్కుపోయేవే, కానీ ఒకదానికి ప్రత్యేక పరీక్ష, ఇంకోదానికి లేదు. యూరప్‌లో లెక్క వేరే, అక్కడ బరువొక్కటే చూడరు. ఎవరు ఎలా గీసినా గీత గీతే, ఎక్కడో ఒకచోట గీయాలి, కాకపోతే గీతకి ఇవతల ఉంది కాబట్టి తేలిక విమానం అనుకోవడం దగ్గరే వస్తుంది చిక్కు.

రేటింగ్ సంపాదించడమంటే మొదట ఆ విమానం సిస్టమ్స్ అన్నీ చదవాలి, హైడ్రాలిక్స్, కరెంటు, ఇంధనం, ఎయిర్ కండిషనింగ్, ఆటోపైలట్, పరీక్ష రాయాలి. తర్వాత కదలని సిమ్యులేటర్‌లో స్విచ్చులు, చెక్‌లిస్టులు చేతికి అలవాటు కావాలి. ఆ తర్వాత అసలైన ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్, హైడ్రాలిక్ కాళ్ళ మీదో ఎలక్ట్రిక్ కాళ్ళ మీదో ఊగే పెద్ద డబ్బా. చివరికి ఎగ్జామినర్ వచ్చి పరీక్ష పెడతాడు. కొన్ని వారాల పని ఇది, మనిషిని పిండేస్తుంది. వింటే కొందరికి భయం వేసే సంగతి ఒకటుంది: యూరప్ నిబంధనల ప్రకారం తగినంత అనుభవం ఉన్న పైలట్ ఒక కొత్త రకం విమానానికి మారేటప్పుడు, ఖాళీ విమానంతో చేసే ల్యాండింగులు కూడా అక్కర్లేకుండా మొత్తం సిమ్యులేటర్‌లోనే పూర్తి చేసేయొచ్చు. అంటే ఆయన నిజమైన విమానాన్ని మొదటిసారి దించేటప్పుడు వెనక ప్రయాణికులు కూర్చుని ఉండొచ్చు. పక్క సీట్లో ట్రైనింగ్ కెప్టెన్ ఉంటాడనుకోండి.

ఇది చదివి భయపడకండి, పాత పద్ధతి ఇంతకంటే ఘోరం. 1967 మార్చి 30న న్యూ ఓర్లీన్స్‌లో డెల్టా వాళ్ళ డీసీ-8 ఒకటి శిక్షణ కోసం లేచింది, ప్రయాణికులు లేరు. రెండు ఇంజిన్లు పోయినట్టు నటిస్తూ దిగే అభ్యాసం చేస్తుండగా విమానం అదుపు తప్పి ఇళ్ళ మీద, ఒక హోటల్ మీద పడింది. లోపల ఉన్న ఆరుగురు, కింద ఉన్న 13 మంది చనిపోయారు. ప్రమాదానికి తయారవడం కోసం ప్రమాదాన్నే తెచ్చుకోవడం అన్నమాట. ఇలాంటివి ఆ రోజుల్లో ఇదొక్కటే కాదు. సిమ్యులేటర్‌లో కూలిపోతే లైట్లు వేసి మళ్ళీ మొదలుపెడతారు, అందుకే నేను సిమ్యులేటర్ పక్షం.

అసలు తిరకాసు పూర్తిగా కొత్త విమానంతో కాదు, పాతదానిలా కనిపించే కొత్త విమానంతో. ఒక రేటింగ్ కింద ఎన్ని రకాలు రావచ్చన్నది రెగ్యులేటర్లు, తయారీదారులు కలిసి తేల్చే విషయం. బోయింగ్ 757, 767 రెండిటికీ ఒకటే రేటింగ్, ఒకటేమో సన్నటి విమానం, ఇంకోటి రెండు నడవాల వెడల్పు విమానం, కానీ కాక్‌పిట్ ఒకేలా ఉండేట్టు మొదటి నుంచీ అనుకునే చేశారు. ఏ318 నుంచి ఏ321 దాకా ఒకటే రేటింగ్. ఎయిర్‌లైన్‌కి ఇది డబ్బు విషయం, పైలట్లని అటూ ఇటూ తిప్పుకోవచ్చు, ట్రైనింగ్ ఖర్చు తగ్గుతుంది. తప్పేం లేదు. తేడాలు నేర్పడానికి డిఫరెన్సెస్ ట్రైనింగ్ అని వేరే ఉంటుంది, చిన్న తేడాకి చిన్న కోర్సు, పెద్ద తేడాకి సిమ్యులేటర్. తేడా చిన్నదా పెద్దదా అన్నది ఎవరు చెప్పాలి, ఎలా తేల్చాలి, మొత్తం కథ అక్కడే ఉంది.

1989 జనవరి 8, ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్. బ్రిటిష్ మిడ్‌ల్యాండ్ వాళ్ళ 737-400 లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్తోంది. ఎడమ ఇంజిన్‌లో ఫ్యాన్ బ్లేడు విరిగింది, విమానం అంతా వణుకు, పొగ వాసన. పైలట్లు ఆపింది కుడి ఇంజిన్‌ని, అంటే బాగున్నదాన్ని. పొగ వస్తున్న తీరుని బట్టి కుడి ఇంజిన్ అని కెప్టెన్ అనుకోవడానికి ఎయిర్ కండిషనింగ్ గురించి ఆయనకి అప్పటిదాకా ఉన్న అవగాహన ఒక కారణం. వైబ్రేషన్ ఎంత ఉందో చూపే గేజ్‌లు కళ్ళ ముందే ఉన్నాయి, ఎడమవైపుది పైకి కొట్టేసి ఉంది, కానీ అవి బుల్లి గేజ్‌లు, పైగా పాత విమానాల్లో వాటిని నమ్మొద్దన్న పేరు పైలట్లలో పాతుకుపోయి ఉంది. కొత్త మోడల్‌లో అవి నమ్మదగ్గవే. వాళ్ళకి ఆ కొత్త మోడల్ మీద ఇచ్చిన డిఫరెన్సెస్ ట్రైనింగ్ ఒక్క రోజు, స్లైడ్లు చూపిస్తూ చెప్పిన పాఠం. ఆ కొత్త ప్యానెల్ ఉన్న సిమ్యులేటర్ అప్పటికి బ్రిటన్‌లో లేనే లేదు. కుడి ఇంజిన్‌ని కాస్త తగ్గించగానే వణుకు తగ్గడంతో ఆపింది సరైనదే అన్న నమ్మకం కుదిరింది, దిగేటప్పుడు మళ్ళీ పవర్ పెంచితే ఆ దెబ్బతిన్న ఇంజిన్ కాస్తా చేతులెత్తేసింది. 126 మందిలో 47 మంది పోయారు. ఇద్దరు పైలట్లకీ రేటింగ్ ఉంది. రూల్ ప్రకారం ఎక్కడా లోటు లేదు.

ఈ ప్రమాదం తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్ళకి 737 మ్యాక్స్ వచ్చింది, వంశం అదే. 1967లో మొదటిసారి ఎగిరిన 737 దగ్గర్నుంచి మ్యాక్స్ దాకా అమెరికా లెక్కలో ఒకటే రేటింగ్. మ్యాక్స్‌కి పెద్ద ఇంజిన్లు పెట్టి కొంచెం ముందుకి, పైకి జరిపారు, దాంతో కొన్ని పరిస్థితుల్లో ముక్కు పైకి లేచే గుణం వచ్చింది, దాన్ని సరిచేయడానికి ఎమ్‌క్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు, ఒకే ఒక్క సెన్సార్ మాట విని అది ముక్కు కిందికి తోసేది. పైలట్ల మాన్యువల్లో దాని మాటే లేదు. పాత 737 పైలట్ మ్యాక్స్‌కి మారాలంటే కంప్యూటర్ మీద చూసే పాఠం చాలన్నారు, సిమ్యులేటర్ అక్కర్లేదన్నారు. అలా అనిపించుకోవడం బోయింగ్‌కి ఎంత ముఖ్యమంటే, సిమ్యులేటర్ ట్రైనింగ్ తప్పనిసరి అయిన పక్షంలో విమానానికి పది లక్షల డాలర్ల చొప్పున తగ్గింపు ఇస్తామని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌తో ఒప్పందమే చేసుకుంది, అమెరికా కాంగ్రెస్ విచారణలో ఇది బయటికొచ్చింది. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ మ్యాక్స్ కూలింది, 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియన్, 157 మంది. 2020 నవంబర్‌లో మళ్ళీ ఎగరనిచ్చినప్పుడు పెట్టిన షరతుల్లో సిమ్యులేటర్ ట్రైనింగ్ ఒకటి. ముందే పెట్టి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, సాఫ్ట్‌వేర్ తప్పు సాఫ్ట్‌వేర్ తప్పే, పైలట్ల మీదికి నెట్టకూడదు. కానీ అమ్మకాల ఒప్పందంలో ట్రైనింగ్ గంటలకి ధర కట్టేశారంటే, ఆ తర్వాత తేడా ఎంత అన్న ప్రశ్నకి నిజాయితీ గల జవాబు ఎక్కడినుంచి వస్తుంది?

సరే, రేటింగ్ వచ్చింది. అక్కడితో అయిపోదు. ఎయిర్‌లైన్ పైలట్లని ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలని ఐకావో నియమం, ఆ రెండూ నాలుగు నెలల లోపే పక్కపక్కన పెట్టేసి చేతులు దులుపుకోకూడదని కూడా అందులోనే ఉంది (ఇలా ఎవరో చేసి ఉంటారు, లేకపోతే ఆ వాక్యం ఎందుకు రాస్తారు). చెక్‌లో ఏముంటుందంటే, వీ-వన్ అనే వేగం దాటాక, అంటే ఇక రన్‌వే మీద ఆగడం కుదరదన్న క్షణంలో ఒక ఇంజిన్ పోవడం, ఒకే ఇంజిన్‌తో చుట్టూ తిరిగి వచ్చి దిగడం, దిగబోయి మళ్ళీ లేవడం, టేకాఫ్ మధ్యలో ఆపేయడం, క్యాబిన్‌లో గాలి పీడనం పోతే గబగబా కిందికి దిగడం, ఇలాంటివి. నాకు తెలిసిన ఎయిర్‌లైన్ వాళ్ళు సిమ్ చెక్ ముందు వారం ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడరు, పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకి కూడా టెన్షనే. ఫెయిలైతే ఆ రోజు నుంచి ఎగరడం ఆగిపోతుంది, మళ్ళీ ట్రైనింగ్, మళ్ళీ చెక్.

ఇందులో నాకు ఎప్పుడూ నచ్చని విషయం ఏంటంటే, వచ్చే ప్రశ్న ముందే తెలిసిన పరీక్ష ఇది. ఇంజిన్ పోతుందని తెలుసు, ఎప్పుడు పోతుందో తెలుసు, కాలు రడ్డర్ మీద సిద్ధంగా ఉంటుంది. ఇంకో పెద్ద సమస్య, పరీక్షలో దేనికి మార్కులు వేస్తే పైలట్లు అదే నేర్చుకుంటారు. స్టాల్ సంగతే తీసుకోండి, అంటే రెక్కలకి గాలి పట్టు తప్పి విమానం పడిపోయే స్థితి. స్టాల్‌కి దగ్గరవుతున్నప్పుడు దాని నుంచి బయటపడమని చెక్‌లో అడిగేవారు, ఎత్తు ఎంత తక్కువ కోల్పోతే అంత గొప్ప అని కొలిచేవారు. ఎత్తు పోగొట్టుకోకూడదంటే ముక్కుని కిందికి వదలడానికి చెయ్యి రాదు, పవర్ ఇచ్చి ముక్కు నిలబెట్టాలనిపిస్తుంది. నిజమైన స్టాల్‌లో చేయాల్సింది సరిగ్గా దానికి తిరగేసి, ముందు ముక్కు దించాలి, ఎత్తు పోతే పోనీ. 2009లో రెండు ప్రమాదాలు, ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ 3407, జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447, రెండిట్లోనూ స్టాల్‌లో ఉన్న విమానం ముక్కుని పైలట్ పైకి లాగుతూనే ఉన్నాడు. రెండూ పూర్తిగా వేరు వేరు పరిస్థితులే, ఒకదానితో ఒకటి పోల్చేయడం నాకూ ఇష్టం లేదు, కానీ ఆ తర్వాతే ఎత్తు కాదు ముఖ్యం, యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్క గాలిని తాకే కోణం) తగ్గించడం ముఖ్యం అని చెక్‌లలో రాసుకున్నారు. అమెరికా ఎయిర్‌లైన్లలో పూర్తి స్టాల్‌ని సిమ్యులేటర్‌లో చూపించడం 2019 నుంచి తప్పనిసరి. అప్పటిదాకా చాలా సిమ్యులేటర్లలో ఆ స్థితిని సరిగ్గా చూపించే లెక్కలే లేవు.

కోల్గన్ విషయంలో ఇంకోటి చెప్పాలి. ఆ ప్రమాదంలో లోపల 49 మంది, కింద ఇంట్లో ఒకరు, మొత్తం 50 మంది పోయారు. తర్వాత అమెరికాలో 1500 గంటల రూల్ వచ్చింది, 2013 నుంచి కోపైలట్‌కి కూడా ఏటీపీ లైసెన్స్ (ఎయిర్‌లైన్ పైలట్ల పై స్థాయి లైసెన్స్), ఆ విమానం మీద టైప్ రేటింగ్ ఉండాలన్నారు. రేటింగ్ సంగతి మంచిదే, నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఆ విమానంలో ఉన్న ఇద్దరికీ 1500 గంటలకి పైనే ఉన్నాయి. గంటలు అసలు సమస్యే కాదు. సమస్య ఏంటంటే కెప్టెన్ అంతకుముందు అనేక చెక్‌లలో ఫెయిలయ్యాడు, వాటిలో కొన్నిటిని ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు చెప్పలేదు, కంపెనీ తవ్వి చూడలేదు. ఒక్కో ఫెయిల్ తర్వాత మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చారు, మళ్ళీ పాసయ్యాడు, రికార్డులో చివరి మాట ఎప్పుడూ పాస్ అనే ఉంటుంది.

చెక్ అన్నది ఆ ఒక్క రోజు మాట. ఒకసారి ఫెయిలవడం పెద్ద విషయం కాదు, మంచి మంచి పైలట్లు కూడా ఒక రోజు బాగోలేక ఫెయిలవుతారు, అసలు ఒక్కసారి కూడా ఎవరినీ ఫెయిల్ చేయని ఎగ్జామినర్ని నేనైతే నమ్మను. కానీ ఒకే రకం తప్పు మూడు కంపెనీల్లో, పదేళ్ళ పాటు, వేరు వేరు విమానాల మీద కనిపిస్తుంటే దాన్ని వరసగా పెట్టి చూసేవాళ్ళు ఒకరుండాలి. 2001 నవంబర్ 24న జ్యూరిక్ దగ్గర క్రాస్‌ఎయిర్ 3597, కనీస ఎత్తు కన్నా కిందికి దిగిపోయి కొండని తాకింది, 33 మందిలో 24 మంది పోయారు. ఆ కెప్టెన్ అంతకు కొన్నేళ్ళ ముందు ఎమ్‌డీ-80 విమానానికి మారడానికి ప్రయత్నించి కుదరక వెనక్కి వచ్చాడు. వెనక్కి వచ్చి తనకి వచ్చిన విమానాల మీద ఎగిరాడు, అందులో రూల్ తప్పలేదు. అయితే ఆయన పనితీరుని ఏళ్ళ తరబడి కంపెనీ సరిగ్గా అంచనా వేయలేదని దర్యాప్తులో తేలింది. ఒక విమానానికి పనికిరాడని తేలిన మనిషి ఇంకో విమానానికి ఎందుకు పనికొస్తాడో ఎవరూ అడిగినట్టు లేదు.

2019 ఫిబ్రవరి 23, టెక్సస్. అట్లాస్ ఎయిర్ 3591, సరుకు విమానం, 767. హ్యూస్టన్‌కి దిగుతున్న టైంలో ఎవరి చెయ్యో పొరపాటున తగిలి గో-అరౌండ్ మోడ్ (దిగడం మానేసి మళ్ళీ పైకి లేవడానికి వాడేది) ఆన్ అయింది, పవర్ పెరిగి విమానం ముందుకి దూకగానే ముక్కు పైకి లేచిపోతోందన్న భ్రమ కలిగింది ఫస్ట్ ఆఫీసర్‌కి, అంటే కోపైలట్‌కి (మన లోపలి చెవి చేసే మోసం ఇది, మబ్బుల్లో ఎవరికైనా కలుగుతుంది), ముక్కు కిందికి తోశాడు, తోస్తూనే ఉన్నాడు. విమానంలో ఉన్న ముగ్గురూ పోయారు. ఆయన చరిత్ర తవ్వితే పాత కంపెనీల్లో ఫెయిలైన చెక్‌లు ఒకటి తర్వాత ఒకటి బయటపడ్డాయి, ఊహించనిది ఏదైనా జరిగితే కంగారుపడి చేతికి తోచింది చేసేస్తాడని పాత ఇన్‌స్ట్రక్టర్లకి తెలుసు. కొన్ని ఉద్యోగాలని ఆయన అప్లికేషన్‌లో రాయనే లేదు. కోల్గన్ తర్వాత, 2010లోనే, పైలట్ల రికార్డులన్నీ ఒకేచోట ఉండే డేటాబేస్ పెట్టమని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తుది నిబంధన ఇచ్చింది 2021లో. మధ్యలో పదకొండేళ్ళు. అట్లాస్ ప్రమాదం ఆ మధ్యలోనే జరిగింది. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ ఈ ఆలస్యాన్ని కూడా వేలెత్తి చూపింది.

అసలు కాగితాలే చూడని కథలూ ఉన్నాయనుకోండి. 2010 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో ఒక స్వీడిష్ పైలట్‌ని 737 కాక్‌పిట్‌లోంచి దింపి పట్టుకెళ్ళారు, ఎయిర్‌లైన్ విమానం నడపడానికి తగిన లైసెన్స్ లేకుండా 13 ఏళ్ళు ఎగిరాడట. ఆయన చేతిలో ప్రమాదం ఏమీ జరగలేదు, అది చూపించి లైసెన్సులన్నీ దండగ అనేవాళ్ళు తగులుతుంటారు, వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు.

ఇంక పరీక్ష పెట్టేవాడి సంగతి. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో కూలిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 గురించి చాలామంది విని ఉంటారు, అప్పటికి ఏ320 విమానాలే ప్రపంచానికి కొత్త. ఆ రోజు ఎడమ సీట్లో ఉన్నది ఏ320 మీద కెప్టెన్‌గా రూట్ చెక్ ఇస్తున్న పైలట్, కుడి సీట్లో ఆయన్ని పరీక్షిస్తున్న చెక్ కెప్టెన్. దిగేటప్పుడు విమానం ఐడిల్ ఓపెన్ డిసెంట్ మోడ్‌లో ఉండిపోయింది, అంటే ఇంజిన్లు ఐడిల్‌లో (కనీస పవర్‌లో) ఉండి వేగాన్ని ముక్కుతో పట్టుకునే మోడ్, వేగం పడిపోతోందన్నది సమయానికి ఇద్దరూ పట్టుకోలేదు, రన్‌వేకి ముందే గోల్ఫ్ కోర్స్‌లో నేలని తాకింది. 146 మందిలో 92 మంది పోయారు. నాకనిపించేది ఒకటుంది, ఇది రిపోర్టులో మాట కాదు, నా మాటే. చెక్ కెప్టెన్ ఒకే సమయంలో రెండు పనులు చేయాలి, కోపైలట్‌గా గేజ్‌లు చూసి అరవాలి, ఎగ్జామినర్‌గా నోరు మూసుకుని అవతలివాడు గమనిస్తాడో లేదో చూడాలి. పరీక్ష ఇచ్చేవాడేమో పక్కన ఇంత సీనియర్ ఉన్నాడు, తేడా ఉంటే చెప్తాడులే అనుకోవచ్చు. వేగం పడిపోతున్నప్పుడు ఒకరి మౌనాన్ని ఇంకొకరు ఓకే అని అర్థం చేసుకునే అవకాశం అలాంటి కాక్‌పిట్‌లో మామూలు కాక్‌పిట్‌లో కన్నా ఎక్కువ. చెక్‌లు చాలావరకు సిమ్యులేటర్‌లోకి వెళ్ళిపోవడం మంచిదనడానికి ఇది కూడా ఒక కారణం, అక్కడ ఎగ్జామినర్ వెనక సీట్లో ఉంటాడు.

ఈమధ్య ఎవిడెన్స్ బేస్డ్ ట్రైనింగ్ అని ఒకటి వచ్చింది, ఐకావో 2013లో దాని మీద మాన్యువల్ తెచ్చింది. అదే ఇంజిన్ ఫెయిల్యూర్‌ని ప్రతి ఆరు నెలలకీ యాంత్రికంగా తిప్పే బదులు, నిజంగా విమానాల్లో ఏం జరుగుతోందో డేటా చూసి అలాంటి పరిస్థితులు ఇవ్వడం, పాస్ ఫెయిల్ ఒక్కటే కాకుండా కమ్యూనికేషన్, పరిస్థితి అవగాహన, చేత్తో నడపడం వంటి వాటికి విడివిడిగా గ్రేడ్లు వేయడం, ఇన్‌స్ట్రక్టర్లు అందరూ ఒకే కొలతతో గ్రేడ్ వేస్తున్నారా అని వాళ్ళనీ చూడడం దీని ఉద్దేశం. నాకు నచ్చింది చివరిదే. ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర 4, ఇంకో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర 2 వచ్చే పైలట్ గురించి మనకి తెలిసేది ఏమీ లేదు, ఇన్‌స్ట్రక్టర్ల గురించి తప్ప.

పెద్ద విమానాల చుట్టూ కనీసం ఇంత కాపలా ఉంది. చిన్న విమానాల్లోకి వస్తే అది పలచబడిపోతుంది. అమెరికాలో ప్రైవేట్ పైలట్ ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. 24 నెలలకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ, గంట సేపు నేల మీద, గంట సేపు గాల్లో, అందులో ఫెయిలవడం అనేదే లేదు, బాగోలేకపోతే ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టడు, అంతే. రివ్యూ తనకి అలవాటైన బుల్లి సింగిల్ ఇంజిన్‌లో చేసేసి, మర్నాడు రెండింజిన్ల విమానంలో కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్ళినా ఆ రివ్యూ చెల్లుతుంది. నిజానికి ఇక్కడ పైలట్లని కట్టడి చేసేది ప్రభుత్వం కన్నా ఇన్సూరెన్స్ కంపెనీలు. ఈ విమానం మీద ఇన్ని గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరితేనే కవరేజ్ అని వాళ్ళు రాస్తారు, రూల్ బుక్‌లో లేని షరతు అది, చచ్చినట్టు పాటించాల్సిందే. విమానాలు అద్దెకిచ్చే క్లబ్బులు పెట్టే చెక్‌అవుట్ కూడా అలాంటిదే.

ఎఫ్‌ఏఏ కూడా కొన్ని విమానాల విషయంలో గీతని పక్కన పెట్టింది. రాబిన్సన్ ఆర్22, ఆర్44 హెలికాప్టర్లకి 1995లో ప్రత్యేక ట్రైనింగ్ పెట్టారు, టైప్ రేటింగ్ అక్కర్లేని బుల్లి హెలికాప్టర్లే అవి, కానీ కంట్రోల్‌ని ఒక్కసారిగా ముందుకి తోస్తే రోటర్ వెళ్ళి మాస్ట్‌ని (రోటర్‌ని మోసే కడ్డీని) కొట్టే ప్రమాదం ఉంది, అది ముందే తెలియనివాడు ఎన్ని హెలికాప్టర్లు నడిపినా లాభం లేదు. ఇంకోటి మిత్సుబిషి ఎమ్‌యూ-2. రెండు టర్బోప్రాప్‌ల వేగవంతమైన విమానం, దానికి ఐలరాన్లు (పక్కకి వాల్చడానికి రెక్కల వెనక అంచున ఉండే పలకలు) ఉండవు, పక్కకి వాలడం రెక్క మీద పైకి లేచే స్పాయిలర్ అనే పలకలతో జరుగుతుంది, ఇంజిన్ పోయినప్పుడు మామూలు విమానం మీద నేర్చుకున్న అలవాటుతో స్టీరింగ్ తిప్పితే లేచిన స్పాయిలర్ ఉన్న లిఫ్ట్‌నీ (విమానాన్ని పైకి ఎత్తి పట్టే బలాన్నీ) చంపేస్తుంది. బరువు గీత లోపలే ఉంది కాబట్టి మల్టీ ఇంజిన్ రేటింగ్ ఉన్న ఎవరైనా నడిపేవాళ్ళు, జనం చచ్చిపోయారు, విమానాన్ని నిషేధించాలని గొడవ కూడా జరిగింది. నిషేధించలేదు. 2008లో ఆ ఒక్క విమానం కోసమే ట్రైనింగ్ రూల్ తెచ్చారు, ఎవరు నడపాలన్నా ఆ సిలబస్ ప్రకారం నేర్చుకోవాలి, ఏటా మళ్ళీ చూపించాలి, చెక్‌లిస్ట్ కూడా అందరిదీ ఒకటే ఉండాలి. ప్రమాదాలు బాగా తగ్గిపోయాయి. విమానంలో ఒక్క బోల్టు కూడా మార్చమనలేదు ఆ రూల్, నడిపేవాళ్ళని మాత్రమే మార్చింది. తర్వాత దాన్ని మామూలు నిబంధనల్లోనే కలిపేశారు. ఇప్పటికీ దానికి టైప్ రేటింగ్ లేదు.